విడిపోయినవారు మళ్ళీ కలిసినప్పుడు ఏ క్రియ రాయాలి?

విడిపోయినవారు తిరిగి దగ్గరైన సంగతిని తెలుగులో రాయబోయేవారి ముందు పదికి పైగా క్రియలు నిలుస్తాయి. కలుసుకొను, కలియు, కలిసిపోవు, ఒక్కటగు, ఏకమగు, చేరు, కూడు, సమావేశమగు, విలీనమగు, పునరేకీకరణ చెందు, రాజీపడు అనేవి వాటిలో ముఖ్యమైనవి. నిఘంటువులో వీటి అర్థాలు దాదాపు పక్కపక్కనే కనిపించినా, వాక్యంలోకి వచ్చాక ఒకదాని చోట మరొకటి నిలవదు. తగని క్రియ పడినప్పుడు వ్యాకరణం చెడదు కాబట్టి పొరపాటు రాసినవారి కంటికి అందదు. కానీ చదివినవారికి జరిగిన సంగతి వేరుగా చేరుతుంది. ఒక పూట చూసుకొని మళ్ళీ విడిపోయినవారు శాశ్వతంగా ఒకచోట బతుకుతున్నట్లు, పెద్ద సంస్థలో కలిసి తన పేరు కోల్పోయిన చిన్న సంస్థ ఆ పెద్దదానితో సమానంగా నిలిచినట్లు అర్థమవుతుంది. ఈ వ్యాసం వార్త, కథ, అనువాదం, ఆహ్వానపత్రం, కార్యాలయ లేఖ రాసేవారిని దృష్టిలో ఉంచుకొని ఈ క్రియలను పోల్చి చూస్తుంది.

క్రియ కంటే ముందు చూడవలసినవి

మొదట, విడిపోయినప్పుడు తెగినది ఏమిటో తేల్చుకోవాలి. ఒకరికొకరు కనబడకుండా పోయారా, ఒకే ఇంట్లో బతకడం మానేశారా, ఒక సంఘంలో సభ్యత్వం పోయిందా, ఒక దేశం రెండు ప్రభుత్వాల కిందికి వెళ్ళిందా, లేక పక్కపక్క ఇళ్ళలోనే ఉంటూ మాటలు మానేశారా? చూపు తెగినచోట ఒక క్రియ, సహజీవనం తెగినచోట ఒక క్రియ, మనసు విరిగినచోట మరొక క్రియ సరిపోతాయి.

తరువాతిది కాలానికి సంబంధించిన ప్రశ్న. ఆ కలయిక జరిగి ముగిసిన సంఘటనా, లేక ఆ రోజు మొదలై ఇంకా సాగుతున్న స్థితా? నా దృష్టిలో మిగిలిన ప్రమాణాలన్నిటికంటే ఇదే ముఖ్యమైనది, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. తెలుగు ఈ భేదాన్ని విశేషణాలకు వదిలిపెట్టకుండా క్రియలోనే పెట్టుకుంది కాబట్టి, సరైన క్రియ దొరికితే ‘శాశ్వతంగా’, ‘కొద్దిసేపు’ వంటి మాటలు చాలావరకు అవసరం ఉండవు.

ఇవి కాక ఇంకో మూడు విషయాలు కూడా చూడాలి. రెండు పక్షాలూ సమానంగా ముందుకు వచ్చాయా, లేక ఒకటి కదిలి రెండవదానిలోకి వెళ్ళిందా అన్నది ఒకటి. తమంతట తాము కలిశారా, ఎవరైనా కలిపారా అన్నది మరొకటి. అంతకుముందు వారు నిజంగా ఒకటిగా ఉన్నారా అన్నది చివరిది. ‘తిరిగి’ అనే మాట రాయడానికి హక్కు ఇచ్చేది ఇదొక్కటే.

కలుసుకొను, కలియు, కలిసిపోవు

ఈ మూడూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి కావడం వల్ల వీటిని ఒకదానికి బదులుగా మరొకటి వాడవచ్చని అనుకుంటారు. ‘కలుసుకొను’లోని ‘కొను’ ఒకరికొకరు ఎదురుపడటాన్ని, పరస్పరతను సూచిస్తుంది. ఈ క్రియ చెప్పేది ఒక సంఘటనను మాత్రమే. ‘ఇరవై ఏళ్ళ తరువాత అక్కాచెల్లెళ్ళు కలుసుకున్నారు’ అంటే వారు ఒకరినొకరు చూసుకున్నారు, మాట్లాడుకున్నారు. ఆ తరువాత ఎవరి ఇంటికి వారు వెళ్ళి ఉండవచ్చు. ‘కలిశారు’ అన్నప్పుడు ఆ హద్దు సడలుతుంది. ‘విడిపోయిన దంపతులు తిరిగి కలిశారు’ అన్న వాక్యాన్ని చదివినవారు ఎవరూ వారు ఒక రోజు ఎదురుపడ్డారని అనుకోరు, కాపురం మళ్ళీ మొదలైందనే అనుకుంటారు. అదే వాక్యంలో ‘కలుసుకున్నారు’ అని రాస్తే కాపురం సంగతి తేలకుండా మిగిలిపోతుంది.

ఈ తేడా ఎంత బరువైనదో కొరియా కుటుంబాల విషయంలో కనిపిస్తుంది. 1950–53 యుద్ధం వల్ల సరిహద్దుకు అటూ ఇటూ చిక్కుకుపోయిన బంధువులకు 1985లో తొలిసారి, 2000 ఆగస్టు నుంచి విడతలవారీగా, ఒకరినొకరు చూసుకునే అవకాశం కల్పించారు. 2018 ఆగస్టులో ఉత్తర కొరియాలోని కుమ్గాంగ్ పర్వత ప్రాంతంలో జరిగిన సమావేశాల్లో వృద్ధులైన తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు మూడు రోజుల్లో కొన్ని గంటలు కలిసి గడిపి, బస్సుల అద్దాల మీద చేతులు ఆనించి విడిపోయారు. వీరి గురించి ‘కొరియా కుటుంబాలు తిరిగి ఒక్కటయ్యాయి’ అని రాస్తే అది అసత్యం, వారికి దక్కనిదాన్ని దక్కినట్లు చెప్పడం. వారు కలుసుకున్నారు, అంతే. ఈ చోట ‘కలుసుకున్నారు’ అన్న చిన్న క్రియ ఆ కుటుంబాల బాధను ఏ విశేషణమూ లేకుండా పట్టుకుంటుంది.

‘కలియు’ అర్థం దాని ముందు వచ్చే విభక్తిని బట్టి మారుతుందన్నది కొత్తగా రాసేవారు తప్పక గుర్తుంచుకోవలసిన విషయం. ‘భర్తను కలిసింది’ అంటే వెళ్ళి చూసింది. ‘భర్తతో కలిసింది’ అంటే అతని పక్షానో జీవితంలోనో చేరింది. ‘నీటిలో కలిసింది’ అంటే తన రూపం పోగొట్టుకుంది. మొదటిదానిలో చొరవ ఒకరిదే కాబట్టి ‘ప్రతినిధులు మంత్రిని కలిశారు’ వంటి వాక్యాలు సహజంగా ఉంటాయి. పునఃకలయికను చెప్పదలచినవారు ‘ను’ విభక్తిని వాడితే అది కేవలం సందర్శనమవుతుంది.

‘కలిసిపోవు’లోని ‘పోవు’ పని పూర్తయిందని, వెనక్కి చూడవలసిన పని లేదని చెబుతుంది. ‘అన్నదమ్ములు కలిసిపోయారు’ అన్న రెండు మాటల్లో తగాదా ఉండేదన్న సంగతి, అది తీరిందన్న సంగతి, మనసులో ఏమీ మిగల్లేదన్న సంగతి మూడూ ఉన్నాయి. ఇక్కడ ‘తిరిగి’ కూడా అక్కర్లేదు. అయితే ఈ క్రియకు ‘లో’ విభక్తి తగిలితే అర్థం పూర్తిగా మారుతుంది. మట్టిలో కలిసిపోవడం, గాలిలో కలిసిపోవడం నాశనాన్నీ మరణాన్నీ సూచించే నుడికారాలు కాబట్టి, ‘చిన్న సంఘం పెద్ద సంఘంలో కలిసిపోయింది’ అన్న వాక్యంలో కొంత నష్టం ధ్వనిస్తుంది. ఆ ధ్వని మీకు కావాలంటే ఉంచుకోండి, వద్దనుకుంటే ‘తో’ వాడండి.

ఈ ధాతువు నుంచే వచ్చిన ‘కలబడు’ పూర్తిగా ఎదురు తిరిగిన అర్థమిస్తుంది. ‘మళ్ళీ కలబడ్డారు’ అంటే మళ్ళీ కొట్టుకున్నారని. ‘కలవు’ అనేది గ్రాంథికంలో ‘ఉన్నాయి’ అన్న అర్థంలో నేటికీ బోర్డుల మీద కనిపిస్తుంది కాబట్టి, కలియని వాటి గురించి రాసేటప్పుడు ‘కలవవు’ అన్న రూపాన్ని పూర్తిగా రాయాలి. ఒక అక్షరం జారితే లేనిది ఉన్నదవుతుంది.

ఒక్కటగు, ఏకమగు

అర్థం ఒకటే అయినా ఈ రెంటి వాడుక వేరు. ‘ఒక్కటయ్యారు’ వ్యక్తిగతమైనది, వెచ్చనిది. దంపతులకు, ప్రేమికులకు, అన్నదమ్ముల కుటుంబాలకు ఇది నప్పుతుంది. వార్తల్లో పెళ్ళి చేసుకున్న జంట గురించి ‘పెద్దల సమక్షంలో ఒక్కటయ్యారు’ అని రాయడం ఎంత స్థిరపడిందంటే, విడాకులు తీసుకున్న జంట గురించి ‘తిరిగి ఒక్కటయ్యారు’ అంటే మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా, కలిసి ఉంటున్నారా అన్నది చదివినవారికి తెలియదు. చట్టపరమైన స్థితి ముఖ్యమైన చోట ఈ క్రియను పక్కనపెట్టి ‘పునర్వివాహం చేసుకున్నారు’ అనో, ‘కలిసి ఉంటున్నారు’ అనో విడమరచి చెప్పడం మేలు.

‘ఏకమగు’ సమూహాలకు చెందుతుంది, అందులోనూ ఎవరికో, దేనికో ఎదురుగా నిలిచే సమూహాలకు. విపక్షాలు ఏకమవుతాయి, కార్మిక సంఘాలు ఏకమవుతాయి, గ్రామస్థులు ఏకమవుతారు. ‘దంపతులు ఏకమయ్యారు’ అంటే వారు ఎవరిమీదో పోరాటానికి దిగినట్లు ఉంటుంది. చీలిన పార్టీ వర్గాల విషయంలో మాత్రం ఇది చక్కగా కుదురుతుంది. 2017 ఆగస్టు 21న తమిళనాడులో అన్నాడీఎంకేలోని రెండు వర్గాలు కలిసినప్పుడు ‘విలీనం’ అన్న మాట విస్తృతంగా వినిపించింది. ఒకే పార్టీగా ఉండి చీలి మళ్ళీ కలిసినవాటికి ‘తిరిగి ఏకమయ్యాయి’ అన్నదే దగ్గరి మాటని నా అభిప్రాయం, ఎందుకంటే ‘విలీనం’ అనగానే ఏది దేనిలో లీనమైందన్న ప్రశ్న పుడుతుంది.

చేరు

‘చేరు’ అనేది సమానమైన కలయిక కాదు. ఒక స్థిరమైన చోటు ఉంటుంది, అక్కడికి ఒకరు వెళతారు. అందుకే ‘తిరిగి విధుల్లో చేరారు’, ‘తిరిగి జట్టులో చేరాడు’ అంటాము. పార్టీ మారి మళ్ళీ పాత పార్టీకి వచ్చిన నాయకుడి గురించి పత్రికలు రాసే ‘సొంతగూటికి చేరారు’ అన్న నుడికారంలో వెళ్ళడం, అక్కడ ఇమడలేకపోవడం, తనదైన చోటికి రావడం అన్నీ ఉన్నాయి. అది ప్రశంసగానో ఎత్తిపొడుపుగానో మారడం సందర్భాన్ని బట్టి జరుగుతుంది కాబట్టి, నిష్పక్షపాతంగా ఉండవలసిన చోట ‘పాత పార్టీలో తిరిగి చేరారు’ అన్నది సురక్షితం.

తప్పిపోయిన పిల్లల వార్తల్లో ఈ క్రియ ప్రేరణార్థక రూపం బాగా పనికివస్తుంది. ‘పోలీసులు బాలుడిని తల్లిదండ్రులతో కలిపారు’ అన్నది తప్పు కాదు గాని తెలుగు చెవికి పూర్తిగా ఇంపైనదీ కాదు. ‘తల్లిదండ్రుల చెంతకు చేర్చారు’, ‘తల్లి ఒడికి చేర్చారు’ అన్నవి ఇక్కడి సహజ ప్రయోగాలు. అధికారిక ప్రకటనలో మాత్రం ‘తల్లిదండ్రులకు అప్పగించారు’ అనాలి, ఎందుకంటే అక్కడ బాధ్యత ఎవరి నుంచి ఎవరికి మారిందన్నది ముఖ్యం. ‘చెంతకు చేర్చారు’ బిడ్డవైపు నుంచి చూస్తుంది, ‘అప్పగించారు’ దస్త్రం వైపు నుంచి చూస్తుంది. పిల్లల కథ రాసేవారు రెండవదానిని, నివేదిక రాసేవారు మొదటిదానిని వాడకుండా ఉంటే చాలు.

కూడు, సమావేశమగు

‘కూడు’ అచ్చమైన పాత క్రియ. కూడలి, కూటమి, కూడిక, గుమికూడు, సమకూడు అన్నీ దీని సంతతే. కన్నడంలోనూ తమిళంలోనూ ఇదే ధాతువు ఉంది. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో తుంగ, భద్ర నదులు కలిసి తుంగభద్ర అయ్యే చోటి పేరు కూడ్లి. అయినా నేటి తెలుగు వచనంలో ‘తిరిగి కూడారు’ అన్న ప్రయోగం అరుదుగానే పనికివస్తుంది. దీనికి కారణం దాని వ్యతిరేక రూపం. ‘కూడదు’ అనగానే నిషేధం గుర్తుకు వస్తుంది కాబట్టి, ‘సంఘం తిరిగి కూడదు’ అని రాస్తే సంఘం మళ్ళీ సమావేశం కాదన్న అర్థానికి బదులు కాకూడదన్న అర్థం వస్తుంది. కావ్యభాషలో ఈ క్రియకు దాంపత్య కలయిక అన్న అర్థం కూడా ఉంది. ప్రాచీన వాతావరణం కోరే కథలో, పద్యంలో దీనికి చోటుంది గాని వార్తలో, లేఖలో ‘సమావేశమగు’ వాడటమే మంచిది.

సభలు, సంఘాలు, న్యాయస్థానాలు, కార్యవర్గాల విషయంలో ‘సమావేశమగు’కు పోటీ లేదు. వాయిదా పడిన సభ ‘తిరిగి సమావేశమైంది’ అంటే సభ్యులు మళ్ళీ వచ్చి కూర్చున్నారని, ‘పునఃప్రారంభమైంది’ అంటే ఆగిన పని మళ్ళీ మొదలైందని అర్థం. సభ్యులు వచ్చి కూర్చున్న వెంటనే గందరగోళంలో సభ మరోసారి వాయిదా పడితే సమావేశమైనట్లే గాని కార్యక్రమాలు పునఃప్రారంభమైనట్లు కాదు; చట్టసభల వార్తలు రాసేవారికి ఈ తేడా తరచుగా అవసరమవుతుంది.

విలీనం, ఏకీకరణ, పునరేకీకరణ

దేశాలు, రాష్ట్రాలు, సంస్థల విషయంలో ఎంపిక అత్యంత జాగ్రత్తగా జరగాలి, ఎందుకంటే ఇక్కడ ప్రతి మాటా ఒక వాదన మోస్తుంది. ‘విలీనం’లో ‘లీనం’ ఉంది. ఒకటి కనబడకుండా పోయి రెండవది మిగులుతుంది. ‘ఏకీకరణ’లో ముక్కలు కలిసి ఒకటవుతాయి, కానీ ఆ ముక్కలు అంతకుముందు ఒకటిగా ఉండవలసిన నియమం లేదు. ‘పునరేకీకరణ’ మాత్రం ఒకప్పుడు ఒకటిగా ఉన్నది విడిపోయి మళ్ళీ ఒకటైందని గట్టిగా చెబుతుంది. 1861లో రాజ్యంగా ప్రకటితమైన ఇటలీది సాధారణంగా ఏకీకరణ అంటారు. 1954లో రెండుగా విడి, 1976 జులై 2న ఒకే రాజ్యంగా ప్రకటితమైన వియత్నాంది పునరేకీకరణ.

జర్మనీ ఉదాహరణ ఇంకా లోతైనది. 1990 అక్టోబరు 3న జరిగినదాన్ని ప్రపంచమంతా పునరేకీకరణగానే పిలుస్తుంది, ఫలితాన్ని బట్టి అది సరైన మాటే. చట్టం నడిచిన దారి మాత్రం వేరు. రెండు రాజ్యాలు రద్దయి మూడవది పుట్టలేదు. పశ్చిమ జర్మనీ రాజ్యాంగమైన ‘మౌలిక చట్టం’లోని 23వ అధికరణం ప్రకారం తూర్పు జర్మనీ వెళ్ళి సమాఖ్య గణతంత్రంలో, అంటే పశ్చిమ జర్మనీలో, చేరింది. అంటే ప్రక్రియను చెప్పేటప్పుడు ‘చేరింది’, ఫలితాన్ని చెప్పేటప్పుడు ‘పునరేకీకరణ’ అనాలి. ఆ దేశం ఆ తేదీన జరుపుకునే జాతీయ దినానికి పెట్టుకున్న పేరు ‘జర్మన్ ఐక్యతా దినం’, అందులో ‘పునః’ లేదు. ఒకే సంఘటనకు మూడు మాటలు, మూడూ వాటి చోట్లలో నిజమే. అనువాదకులు ఇలాంటి చోట మూలంలో ఏ మాట ఉందో దానితోపాటు ఆ వాక్యం దేని గురించి మాట్లాడుతోందో కూడా చూడాలి.

మన దగ్గరి ఉదాహరణ తీసుకుంటే, 1956 నవంబరు 1న ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతం కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ‘కలిశాయి’ అని రాస్తే జరిగినది చెప్పినట్లవుతుంది. ‘తిరిగి కలిశాయి’ అని రాస్తే అంతకుముందు చరిత్రపై, అవి ఒకటా కాదా అన్నదానిపై, మీ అభిప్రాయం చెప్పినట్లవుతుంది. అభిప్రాయం చెప్పడం తప్పు కాదు, కానీ తెలిసి చెప్పాలి.

మనసులు కలిసినప్పుడు

తగాదా తీరిన సందర్భంలో ‘రాజీపడ్డారు’ అని చేయి అలవాటుగా రాస్తుంది. రాజీలో ఇరువైపులా ఏదో వదులుకోవడం ఉంటుంది, ఆప్యాయత ఉండాలన్న నియమం లేదు. కేసులో రాజీ కుదిరిన అన్నదమ్ములు ఆ తరువాత ఒకరి గుమ్మం ఒకరు తొక్కకపోవచ్చు. ‘సయోధ్య కుదిరింది’ కొంత మెత్తనిది, సంస్థలకూ నాయకులకూ బాగుంటుంది. ‘సమాధానపడు’ క్రైస్తవ రచనల్లో తిరిగి సఖ్యపడటమన్న నిండైన అర్థంతో ఉంది, కానీ ఆ పరిచయం లేని పాఠకుడికి సమాధానం అంటే జవాబే గుర్తుకు వస్తుంది. ‘చేతులు కలిపారు’ ఒక పని కోసం జరిగిన సహకారాన్ని మాత్రమే చెబుతుంది.

పూర్తిగా కలిసిపోని స్థితికి తెలుగులో ఒక చక్కని దారి ఉంది. ‘వాళ్ళిద్దరి మధ్య మళ్ళీ మాటలు మొదలయ్యాయి’ అన్న వాక్యం ఎంత జరిగిందో అంతే చెబుతుంది. దేశాల మధ్య దీనికి సమానమైనది ‘సంబంధాలను పునరుద్ధరించుకున్నాయి’ అన్నది; 2015 జులై 20న అమెరికా, క్యూబా చేసినది అదే, అక్కడ ‘కలిశాయి’ అన్న క్రియకు ఏ రూపంలోనూ చోటు లేదు.

మళ్ళీ, తిరిగి, మరల, పునః

క్రియ కుదిరాక దాని ముందు వచ్చే మాటను చూడాలి. మళ్ళు, తిరుగు, మరలు అనే మూడూ వెనక్కి మళ్ళడాన్ని చెప్పే క్రియలే. ‘మళ్ళీ’ నేడు ఎక్కువగా పునరావృత్తిని చెబుతుంది. ‘మళ్ళీ కలుసుకున్నారు’ అంటే నిన్న కలిసినవారు ఇవాళ కూడా కలిసి ఉండవచ్చు, మధ్యలో ఎడబాటు లేకపోవచ్చు. ‘తిరిగి’ పూర్వస్థితికి రావడాన్ని చెబుతుంది కాబట్టి ఎడబాటు తరువాతి కలయికకు ఇదే తగినది. దీనిలో ఒక ప్రమాదముంది. ‘ఊళ్ళన్నీ తిరిగి తల్లిని కలిశాడు’ అన్నచోట ‘తిరిగి’ అంటే సంచరించి అని. చోటును చెప్పే పదం పక్కన ‘తిరిగి’ పడే వాక్యాల్లో ‘మళ్ళీ’ని ఎంచుకోవడమో, పదాల వరుస మార్చడమో చేయాలి. ‘మరల’ గ్రాంథికపు వాసన ఉన్నది, నేటి వచనంలో తక్కువగా వాడాలి.

‘పునః’ సంస్కృత పదాలతోనే అతుకుతుంది. పునస్సమాగమం, పునర్మిలనం, పునరేకీకరణ సరైన రూపాలు. ‘పునఃకలయిక’లో సంస్కృత, తెలుగు పదాలు జతపడ్డాయి కాబట్టి సంప్రదాయ వ్యాకరణం దీన్ని వైరి సమాసం అంటుంది. నేడు వాడుకలో ఉన్నందున దీన్ని పూర్తిగా తోసిపుచ్చలేము, నేనూ పైన ఒకచోట వాడాను; పరీక్షా పత్రంలో, ప్రామాణిక గ్రంథంలో మాత్రం ‘పునస్సమాగమం’ రాయడం మంచిది. ‘తిరిగి పునఃప్రారంభమైంది’ వంటి ద్విరుక్తులను ఎక్కడా ఉంచకూడదు.

‘తిరిగి’ అసలు పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, తిరిగి కలవదు, ఎందుకంటే అవి అంతకుముందు ఒకటి కావు. గోదావరి ఒక లంకను చుట్టి రెండు పాయలై దిగువన కలిసేటప్పుడు మాత్రం ‘పాయలు తిరిగి కలుస్తాయి’ అన్నది అక్షరాలా నిజం.

ఒకచోట చూడాలంటే

| క్రియ | తిరిగి కలిసేది | నిలిచే కాలం | ఇరుపక్షాల స్థాయి | వాడకూడని చోటు |
|---|---|---|---|---|
| కలుసుకొను | చూపు, మాట | ఆ సందర్భం వరకే | సమానం | కాపురం, సంస్థ తిరిగి నిలిచినప్పుడు |
| కలియు (‘తో’) | జీవితం, పక్షం | సాగుతుంది | సమానం | కేవలం ఎదురుపడినప్పుడు |
| కలిసిపోవు | మనసు | సాగుతుంది | ‘తో’ ఉంటే సమానం, ‘లో’ ఉంటే కాదు | తగాదా పూర్తిగా తీరనప్పుడు |
| ఒక్కటగు | దంపతులు, కుటుంబాలు | సాగుతుంది | సమానం | చట్టపరమైన స్థితి చెప్పవలసినప్పుడు |
| ఏకమగు | వర్గాలు, సంఘాలు | లక్ష్యం ఉన్నంతవరకు | సమానం | వ్యక్తిగత అనుబంధాలు |
| చేరు | సభ్యత్వం, ఉద్యోగం, ఇల్లు | సాగుతుంది | ఒకటి స్థిరం, ఒకటి కదిలేది | ఇరువురూ ముందుకు వచ్చినప్పుడు |
| సమావేశమగు | సభ, కార్యవర్గం | సమావేశం ముగిసేవరకు | సమానం | బంధువులు, దంపతులు |
| విలీనమగు | సంస్థ, భూభాగం | శాశ్వతం | అసమానం | రెండూ తమ రూపం నిలుపుకున్నప్పుడు |
| పునరేకీకరణ చెందు | దేశం | శాశ్వతం | ఫలితంలో ఒకటే | ముందు ఒకటిగా లేనప్పుడు |
| రాజీపడు | తగాదా, వ్యాజ్యం | ఒప్పందం ఉన్నంతవరకు | చెరొకటి వదులుకోవడం | ఆప్యాయత తిరిగి వచ్చిందని చెప్పేటప్పుడు |

ఎవరికి ఏది

వార్త రాసేవారికి నా సలహా, సందేహం కలిగినప్పుడు తక్కువ చెప్పే క్రియను ఎంచుకోమని. ఎదురుపడ్డారన్నదే తెలిసి, ఆ తరువాతి సంగతి తెలియనప్పుడు ‘కలుసుకున్నారు’ సరిపోతుంది. మరునాడు వారు కాపురం మొదలుపెట్టినా ఆ వాక్యం తప్పు కాదు. ‘ఒక్కటయ్యారు’ అని రాసి, మరునాడు వారు విడిగా కనిపిస్తే దిద్దుకోవలసి వస్తుంది. శీర్షికలో చోటు తక్కువన్న కారణంతో పెద్ద క్రియ పెట్టి, లోపల చిన్న సంగతి చెప్పడం పాఠకుడికి అన్యాయం.

కథ రాసేవారి పని దీనికి భిన్నం. పాత్రల మనసులో ఏముందో రచయితకు తెలుసు కాబట్టి, నిండైన క్రియను చివరిదాకా అట్టిపెట్టుకోవచ్చు. మాటలు మొదలు కావడం, కలుసుకోవడం, కలిసి కూర్చోవడం, కలిసిపోవడం అన్నవి మెట్లుగా పనిచేస్తాయి. మొదటి పేజీలోనే ‘ఒక్కటయ్యారు’ అనేస్తే ఎక్కడానికి మెట్లు మిగలవు. పాత్రల నోట సంస్కృత సమాసాలు రావు. పల్లెలో ఉన్న తల్లి ‘నా బిడ్డలు మళ్ళీ కలిసిపోయారు’ అంటుంది, పునస్సమాగమం అనదు.

కార్యాలయ లేఖలు రాసేవారికి ‘తిరిగి విధుల్లో చేరుట’, ‘తిరిగి సమావేశమగుట’ అన్న రెండూ చాలావరకు సరిపోతాయి. ‘పునర్నియామకం’ వేరే సంగతి, అది ఉద్యోగం పోయిన తరువాత మళ్ళీ ఇచ్చే నియామకం. సెలవు ముగించుకొని వచ్చినవారికి అది వర్తించదు.

పాత సహపాఠీల కలయికకు ఆహ్వానం రాసేవారికి ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ అన్న మాట ఇప్పటికే స్థిరపడి ఉంది కాబట్టి కొత్త మాట వెతకవలసిన పని లేదు. లోపలి వాక్యంలో మాత్రం ‘మనం తిరిగి కలుసుకుందాం’ అన్న రూపం బాగుంటుంది, ఎందుకంటే ‘మనం’ చదివేవారిని కూడా కలుపుకుంటుంది. ‘మేము కలుసుకుంటున్నాము, మీరూ రండి’ అన్న వాక్యం అదే పిలుపును అతిథికి పంపినట్లు చేస్తుంది.

అనువాదకులకు అన్నిటికంటే కష్టమైన పని. మూలభాషలో ఒకే క్రియ ఎదురుపడటాన్నీ, కాపురాన్నీ, దేశాల కలయికనూ మోస్తుంటే, తెలుగులో ప్రతిసారీ అదే క్రియను నిలపాలన్న పట్టుదల వదులుకోవాలి. ఒక పుస్తకంలో ఆ మాట పదిసార్లు వస్తే పదిచోట్లా కర్త ఎవరు, కర్మ ఉందా, ఆ కలయిక తరువాత పేజీలో ఏమైంది అన్నవి చూసి ఎంచుకోవాలి. కర్మ ఉంటే కలుపు, చేర్చు, ఏకంచేయు, అప్పగించు అన్న ప్రేరణార్థకాల వైపు, లేకపోతే కలియు, చేరు, ఒక్కటగు వైపు వెళ్ళాలి. మూల రచయిత ఆ ఒకే మాటతో ఉద్దేశపూర్వకంగా అల్లిక చేసిన అరుదైన చోట మాత్రం ‘కలియు’ ధాతువునే పట్టుకొని, కలుసుకున్నారు, కలిశారు, కలిసిపోయారు అన్న దాని రూపాలతో ఆ అల్లికను నిలపవచ్చు.